కారుతున్న షాకప్పే కొనండి

అమ్మేవాడి ఇంటికి వెళ్ళాక ధర తర్వాత అడగొచ్చు, ముందు ఆయన బరువు అడగండి. మర్యాదగా ఉండదేమోనని ఆగకండి. "అన్నా, మీరు ఎన్ని కిలోలుంటారు?" అని నేను అడిగినప్పుడల్లా ఎదుటి మనిషి ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, ఆ తర్వాత చెప్తాడు. తొంభై అయిదు అన్నాడనుకోండి, ఇచ్చిన చాయ్ తాగి, దణ్ణం పెట్టి తిరిగొచ్చెయ్యండి. తన బరువుకు తగ్గ స్ప్రింగ్ వేయించుకున్న మనిషైతే ఆ స్ప్రింగ్ మీ అరవై అయిదు కిలోలకు కదలదు. వేయించుకోని మనిషైతే ఇన్నాళ్ళూ ప్రతి గుంతలోనూ ఆ షాకప్పు అడుగంటా కొట్టుకుని ఉంటుంది. రెండు రకాలుగానూ అది మీది కాదు.

షాక్ అబ్జార్బర్ అని పూర్తిగా పలికేవాళ్ళు మా హైదరాబాద్ లాలాపేట్‌లో తక్కువ. మెకానిక్ నోట అది షాకప్పు, నాకూ అంతే. ఇప్పటివరకు నా కోసం నాలుగు జతలు, మిత్రుల కోసం అంతకు రెట్టింపు, అన్నీ ఎవరో వాడి తీసేసినవే కొన్నాను. కొత్తది ఒక్కటీ కొనలేదు, కొనమని ఎవరికీ చెప్పను. నా సలహాలు తలకిందులుగా ఉంటాయని మా మెకానిక్ కోపం. "పోరగాళ్ళను ఆగం చేస్తున్నవన్నా" అంటాడు. ఆయన చేతి పని మీద నాకున్న గౌరవం అలాగే ఉంది, ఈ మాటల మీద నా నమ్మకమూ అలాగే ఉంది.

తార్నాక చౌరస్తా నుంచి లాలాపేట్ దాకా రోజూ బండి నడిపే మనిషికి మంచి షాకప్పు సోకు కాదు. రోడ్డు మట్టం కన్నా కిందికి దిగిన మ్యాన్‌హోల్ మూతలు, తవ్వి పూడ్చిన పైపు గాళ్ళు, గల్లీకొకటి చొప్పున సిమెంటు గట్లు. స్పీడ్ బ్రేకర్‌కు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన కొలత ఉంది: 3.7 మీటర్ల వెడల్పు, నడిమధ్య 10 సెంటీమీటర్ల ఎత్తు, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటగలిగేలా. మన గల్లీల్లో ఎత్తు మాత్రం ఉంటుంది, వెడల్పు జానెడు. ఆ దెబ్బను బండి మింగాలి, లేదా నడుము మింగాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 వెనక చక్రానికి కంపెనీ ఇచ్చిన కదలిక 88 మిల్లీమీటర్లు. బండి బరువే రెండు వందల కిలోలు దాటుతుంది. దాని మీద ఇద్దరు, ఒక బ్యాగు. ఎనభై ఎనిమిది మిల్లీమీటర్లంటే మీ అరచేతి వెడల్పు. ఆ కాస్త జాగాలో ఈ రోడ్డంతా సర్దాలి. అందుకే ఆ జాగాను సరిగ్గా వాడుకునే షాకప్పు కావాలి.

షాకప్పు దొరికాక బండి వెతకండి

ఇది వినగానే అందరూ ఆపేస్తారు. కానీ ఆలోచించండి. సెకండ్ హ్యాండ్ బండ్లు ఎప్పుడు పోయినా దొరుకుతాయి. మన బరువున్న మనిషి, ఒక్కడే వాడి, ఎప్పుడు నూనె మార్పించాడో చెప్పగలిగి, పాత బిల్లు కూడా తీసి చూపించగల జత మాత్రం రెండు మూడేళ్ళకొకసారి కనిపిస్తుంది. అరుదైనదాన్ని ముందు పట్టుకోవాలి. 2020లో నేను 650 కోసం చేసిన షాకప్పుల జత కొన్నాను. అప్పటికి నా దగ్గర ఆ బండి లేదు. జతను బీరువాలో నిలబెట్టి ఉంచాను. బండి 2022లో వచ్చింది. ఆ రెండేళ్ళూ నేను తొందరపడలేదు, అందుకే బండి కూడా మంచిదే దొరికింది. ఆ జత ఇప్పటికీ దాని మీదే ఉంది.

ఇలాంటి జతలు మా వైపు ఎక్కువగా బయటికొచ్చేది జూన్, జూలైలలో. అమెరికాలో చదువులు ఆగస్టులో మొదలవుతాయి. వీసా వచ్చిన పిల్లలు తార్నాకలో, హబ్సిగూడలో, ఉస్మానియా యూనివర్సిటీ చుట్టుపక్కల గదుల్లో సామాను అమ్మేసుకుంటుంటారు. తెలివైన వాళ్ళు బండికి కంపెనీ షాకప్పులు మళ్ళీ బిగించి బండిని ఒకరికి, వేరే షాకప్పులను ఇంకొకరికి అమ్ముతారు. ఆ ఇంకొకరు మీరు కావాలి. జుమ్మెరాత్ బజార్‌లో, పుత్లీబౌలీ కొట్లలో కూడా దొరుకుతాయి. అక్కడ వస్తువు ఉంటుంది, దాన్ని వాడిన మనిషి ఉండడు. మనిషి లేకపోతే బరువు ఎవర్ని అడుగుతారు?

చూడ్డానికి రమ్మన్నప్పుడు పగటిపూటే వెళ్ళండి. ఇంట్లో ట్యూబులైటు కింద చూసి కొనొద్దు. క్యాంపస్ దగ్గరే ఉంటే ఆర్ట్స్ కాలేజీ ముందుకు తెమ్మనండి. 1939లో తెరిచిన ఆ రాతి భవనం ముందు వెలుతురు, చోటు రెండూ ధారాళం. అక్కడే బండి తోలి చూడొద్దు. పొద్దున్నే ఆ రోడ్ల మీద నడకకు వచ్చే పెద్దవాళ్ళు చాలామంది ఉంటారు.

కారుతున్నది, మెరుస్తున్నది

ఇక అసలు గొడవ. రెండు జతలు మీ ముందున్నాయి. ఒకటి కడిగి, తుడిచి, రంగు వేసి తళతళలాడుతోంది. రెండోదాని రాడ్డు మొదట్లో నూనె, దుమ్ము కలిసిన నల్లటి ఉంగరం ఉంది. రెండోదే కొనండి.

"నూనె కారుతున్నది పైసలిచ్చి తీస్కుంటవా?" అని మెకానిక్ నన్ను ఎన్నిసార్లు అడిగాడో. తీసుకుంటాను. షాకప్పు లోపల నూనె ఉంటుంది. రాడ్డు చివర చిల్లులున్న పిస్టన్ ఆ నూనెలో పైకీ కిందికీ తిరుగుతుంది. స్ప్రింగ్ బరువు మోస్తుంది, నూనె ఆ స్ప్రింగ్ ఎగురుడును ఆపుతుంది. నూనెను లోపలే ఉంచేది రబ్బరు సీలు. చెప్పుల అట్టలాగా అది అరిగిపోవడానికే ఉంది. అరిగినప్పుడు కారుతుంది, కారితే కనిపిస్తుంది, కనిపించేదానికి వెల కట్టొచ్చు. అమ్మేవాడు కూడా సిగ్గుపడి తగ్గిస్తాడు. మెరిసేదాని సంగతి అలా కాదు. నూనె పల్చబడిందో, గ్యాసు పోయిందో, రాడ్డు వంగిందో ఆ రంగు చెప్పదు.

నేను మొదట కొన్న జత మెరిసేదే. అమ్మిన మనిషి చక్కగా మాట్లాడాడు, నేను చక్కగా నమ్మాను. మూడో వారంలో, వానలో, లాలాపేట్ బ్రిడ్జి దిగుతుంటే వెనక చక్రం ఒక అతుకు మీద ఎగిరి, దిగి, మళ్ళీ ఎగిరి, ఇంకోసారి ఎగిరింది. వెనక మా చెల్లెలు కూర్చుని ఉంది. పడలేదు. కానీ తను నా భుజాలు పట్టుకున్న పట్టు నాకింకా గుర్తుంది. విప్పి చూస్తే ఒకదాంట్లో నూనె సగం కూడా లేదు. రాడ్డు మీది గుంటలను ఏదో పూసి నున్నగా చేశారు. ఆ రోజు నుంచి తుడిచిన షాకప్పు చూస్తే, ఎందుకు తుడిచారనే ముందు అనిపిస్తుంది.

అయితే కారుతున్నవన్నీ కొనమనడం లేదు. రెండు సంగతులు చూడాలి. రాడ్డు మీది క్రోమ్‌ను పై నుంచి కింది దాకా, చుట్టూరా, బొటనవేలి గోటితో గీకండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ గుంట ఉంది. కొత్త సీలు వేసినా ఆ గుంట దాన్ని కోసేస్తుంది. రబ్బరు బంపు కింద దాక్కున్న భాగం కూడా పైకి జరిపి చూడండి, తుప్పు అక్కడే పుడుతుంది. రెండోది, డబ్బా విప్పి మళ్ళీ బిగించే రకమేనా? కంపెనీ బండితో పాటు వచ్చే షాకప్పులు చాలావరకు మూత నొక్కేసి మూసినవి. అవి కారితే పాత ఇనుమే. విప్పే వీలున్నవాటికి మూత దగ్గర మర గానీ, తీసిపెట్టే ఉంగరపు క్లిప్ గానీ ఉంటుంది. గోరు తట్టుకోలేదు, మూత విప్పేదే, నూనె కారుతోంది: ఈ మూడూ ఒక్కచోట కుదిరితే అదృష్టం అనుకోండి.

కారుతున్నది కొనండి గానీ కారుతుండగా బండికి బిగించొద్దు. ఆ నూనె టైరు మీదో బ్రేకు మీదో పడితే ప్రాణం మీదికొస్తుంది.

మొదటి నొక్కును నమ్మొద్దు

కొట్లో అడ్డంగా పడేసిన షాకప్పును చేతిలోకి తీసుకుని ఒక్కసారి నొక్కి, "ఖాళీగా జారుతోంది, పోయింది" అని పక్కన పెట్టేస్తారు. కొన్ని రకాల్లో గ్యాసు, నూనె ఒకే గదిలో ఉంటాయి, మధ్యలో గోడ ఉండదు. పడుకోబెడితే రెండూ కలిసిపోయి పిస్టన్ దగ్గరికి గాలి బుడగ చేరుతుంది. దాన్ని బండి మీద ఉండే తీరున నిలబెట్టి, కాసేపు అలా వదిలేసి, నెమ్మదిగా పది పన్నెండుసార్లు ఆడించండి. జారుడు పోతే అది బాగానే ఉంది. పోకపోతేనే అనుమానించాలి. ఇలా పక్కన పడేసినవాటిలోంచి నేను ఒక జత తెచ్చుకున్నాను. బీరువాలో నిలబెట్టి ఉంచానని చెప్పింది కూడా అందుకే.

స్ప్రింగుతో సహా నొక్కినప్పుడు గమనించాల్సింది తిరుగుదారి, అంటే రీబౌండ్. కిందికి పోవడం అందరూ చూస్తారు, పైకి రావడం చూడండి. స్ప్రింగ్ చటుక్కున ఎగిరిందంటే లోపల ఆపేవాడు లేడు. చప్పుడు లేకుండా, ఒకే వేగంతో రావాలి. తిప్పే గుండీలుంటే ప్రతి గుండీనీ ఒక కొస నుంచి ఇంకో కొసకు టిక్కులు లెక్కపెడుతూ తిప్పండి. రెండు షాకప్పుల్లో టిక్కుల లెక్క కలవాలి. మొదలుపెట్టేముందు అమ్మేవాడు ఏ టిక్కు మీద పెట్టుకున్నాడో రాసుకోండి. అది మీకు తర్వాత పనికొస్తుంది.

జోడీ సంగతి మా ఇంట్లో నాకు చిన్నప్పుడే తెలుసు. నాన్న లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాపులో ఫిట్టర్. నిజాం రైల్వే రోజుల్లో, 1893లో పెట్టిన ఆ వర్క్‌షాపులో నేటికీ రైలు పెట్టెలను విప్పి, సరిచేసి, మళ్ళీ పట్టాలెక్కిస్తారు. పాత నీలం పెట్టెల బోగీలో చక్రం పక్కన స్ప్రింగు, ఆ స్ప్రింగు నడుమ నూనె నింపిన గిన్నె, అందులో చిల్లుల మూత ఉంటాయి. డ్యాష్‌పాట్ అంటారు దాన్ని. మన షాకప్పుకు పెద్దన్న. అక్కడ స్ప్రింగును కంటితో చూసి బిగించరు. బరువు కింద పెట్టి ఎంత కుంగిందో కొలుస్తారు, ఆ కొలతను బట్టి గుంపులుగా విడదీస్తారు. ఒక గుంపు స్ప్రింగు పక్కన ఇంకో గుంపుది వేయరు. "కొత్తదా పాతదా అని చూడరు రా, తోడుదా కాదా అని చూస్తరు" అనేవాడు నాన్న. రెండు వేర్వేరు జతల్లోంచి ఒక్కోటి తెచ్చి కలిపి అమ్మేవాళ్ళున్నారు. ఒకటి ఎంత బాగున్నా, రెండోది దాని తోడుబుట్టింది కాకపోతే ఆ ఒకటి మీకు బరువే.

నాన్న పద్ధతిని ఇంటి దగ్గర కూడా చేయొచ్చు. షాకప్పు నుంచి స్ప్రింగు విప్పించి, వెల్డింగ్ కొట్లో నిలువు డ్రిల్లింగ్ మెషిన్ కింద, మనుషుల బరువు చూసే కాటా మీద నిలబెట్టండి. మెషిన్ పిడితో సరిగ్గా 10 మిల్లీమీటర్లు కిందికి నొక్కి, కాటా ఎంత చూపిస్తోందో రాసుకోండి. పదితో భాగిస్తే మిల్లీమీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. రెండు స్ప్రింగులకూ చేయండి. స్ప్రింగు వంకరగా నిలబడితే జారి ఎగురుతుంది, మొహం దూరంగా పెట్టుకోండి.

పేరు మీద చెయ్యి పెట్టండి

బంగారు రంగు డబ్బా, పసుపు స్ప్రింగు కనిపిస్తే మన పిల్లలకు ఊపిరాడదు. ఆ రంగు ఓలిన్స్‌ది. 1976లో స్వీడన్‌లో కెంత్ ఓలిన్ మొదలుపెట్టిన కంపెనీ, రెండేళ్ళకే దాని షాకప్పు మోటోక్రాస్ ప్రపంచ టైటిల్ గెలిచిన బండి మీద ఉంది. 1987 నుంచి 2007 దాకా యమహా చేతిలో, 2025లో బ్రెంబో చేతిలోకి. పేరుకు తగ్గ పనితనమే. కానీ రంగు, స్టిక్కరు ఎవరైనా వేయగలరు, వేస్తున్నారు కూడా. చూసేటప్పుడు అరచేత్తో ఆ పేరు మూసేసి మిగతాది చూడండి. స్ప్రింగు మీద నంబరు ఉందా? డబ్బా మీద సీరియల్ నంబరు ఉందా? అతుకులు నున్నగా ఉన్నాయా? పేరు మూస్తే మీకు నచ్చని షాకప్పు, పేరు తెరిచినా నచ్చకూడదు.

బేరం కూడా ధర మీద ఆడొద్దు, చిల్లర సామాను మీద ఆడండి. బుష్‌లు, వాషర్లు, బోల్టులు, స్ప్రింగును ముందే నొక్కిపెట్టే ప్రీలోడ్ ఉంగరాన్ని తిప్పే కొక్కెపు పాన, మొదట వచ్చిన స్ప్రింగు, అట్టపెట్టె, కాగితాలు. ఇవి అమ్మేవాడికి చెత్త, మీకు నెలల తిరుగుడు. రాణిగంజ్‌లో ఒక్క కొలత బుష్ కోసం నేను రెండు శనివారాలు తిరిగాను. వెయ్యి తగ్గించమని అడిగిన నోటితో అవి అడగలేరు. అడిగినంత ఇచ్చెయ్యండి, అన్నీ తెచ్చుకోండి. కొన్న ధరలో ఇంకో మూడో వంతు సీళ్ళకు, నూనెకు, గ్యాసుకు విడిగా తీసిపెట్టుకోండి. ఆ డబ్బు లేకపోతే ఇంకో జూలై దాకా ఆగండి.

టేపు తీసుకెళ్ళడం మరవొద్దు. బోల్టు పట్టే పై కన్ను మధ్య నుంచి కింది కన్ను మధ్యకు ఎంతుందో మీ బండి పాత షాకప్పుతో పోల్చండి. సెంటీమీటరు పొడుగైతే ఏమవుతుందిలే అనుకోవద్దు. తోక లేస్తుంది, ముందు భాగం వంగుతుంది, హ్యాండిల్ తేలికై బండి చురుగ్గా తిరుగుతుంది, సైడ్ స్టాండ్ మీద మరీ ఒరిగిపోతుంది, చైన్ బిగువు మారుతుంది.

గ్యాసు నింపిన షాకప్పును మాత్రం మీరూ విప్పొద్దు, విప్పుతానన్న ప్రతివాడికీ ఇవ్వొద్దు. లోపలి నైట్రోజన్ ఒత్తిడి టైరు గాలికి ఎన్నో రెట్లు. ముందు గ్యాసు వదలకుండా మూత తిప్పితే అది తూటాలా వస్తుంది. నైట్రోజన్ మళ్ళీ నింపే సాధనం ఉన్నచోటే ఇవ్వండి. ఈ ఒక్క విషయంలో మా మెకానిక్, నేను ఒకే మాట మీద ఉంటాం.

బియ్యం బస్తాతో బిగించండి

సీళ్ళు మారి ఇంటికొచ్చాయి, బండికెక్కాయి. అందరూ వెంటనే హైవే ఎక్కుతారు. మీరు ఇంట్లోకి వెళ్ళి బియ్యం బస్తా తెచ్చుకోండి.

బండిని సెంటర్ స్టాండ్ మీద, వెనక చక్రం గాల్లో ఉండేలా పెట్టండి. ఇరుసు మధ్య నుంచి నిటారుగా పైకి, సీటు కింద ఒక గుర్తు దాకా కొలవండి. స్టాండు దించి, హెల్మెట్, బ్యాగుతో మీరెక్కి కూర్చుని, ఇంట్లోవాళ్ళతో మళ్ళీ కొలిపించండి. రెండింటి తేడా మీ బరువుకు చక్రం దిగిన లోతు. మొత్తం కదలికలో మూడో వంతుకు కాస్త తక్కువ ఉండాలి. 88 మిల్లీమీటర్లలో ఇరవై ఆరు, అటూ ఇటూ. హిమాలయన్ 411 లాంటి 180 మిల్లీమీటర్ల బండికి యాభై నాలుగు. వెనక ఎవరో ఒకరు రోజూ కూర్చుంటారనుకుంటే పాతిక కిలోల బస్తాలు రెండు సీటు మీద కట్టి ఇంకోసారి కొలవండి. మనిషినే కూర్చోబెట్టొచ్చు గానీ, బస్తా కదలదు, విసుక్కోదు, పదిసార్లు కొలవనిస్తుంది.

ఇక్కడే చాలామంది ప్రీలోడ్ తిప్పి స్ప్రింగును గట్టి చేశాననుకుంటారు. ప్రీలోడ్ తిప్పితే బండి ఎత్తు మారుతుంది. స్ప్రింగు గట్టిదనం ఇసుమంత మారదు. ఇంకో సంగతి, నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. మీరు కూర్చున్నప్పటి లోతు సరిపోయింది, కానీ దిగి చూస్తే బండి తన బరువుకు తాను అసలు దిగడం లేదు. స్ప్రింగు మరీ గట్టిదని అనిపిస్తుంది. నిజానికి అది మెత్తటిది. మెత్తటిదాన్ని నిలబెట్టడానికి ప్రీలోడ్ అంతా ఎక్కించేశారు, అందుకే అది బిగుసుకుని కూర్చుంది. అమ్మేవాడి బరువు అడగకుండా కొన్నవాళ్ళకు ఎదురయ్యేది ఎక్కువగా ఇదే.

లోతు కుదిరాక గుండీలన్నీ మధ్య టిక్కుకు తెచ్చి, రోజూ వెళ్ళే దారిలోనే, రోజూ వెళ్ళే వేగంతోనే నడపండి. నాకది విజయా డెయిరీ పక్క నుంచి తార్నాక మెట్రో దాకా. ఒకసారి ఒక గుండీ, రెండు టిక్కులే. వారం నడిపాక ఇంకోటి. హైవే మీద ఏ షాకప్పైనా బాగుంటుంది. ముందు ఫోర్కుల నూనె ఎప్పుడు మార్పించారో గుర్తులేకపోతే వెనక పని మొదలుపెట్టకముందే అది మార్పించండి. ముందర పాత నూనెతో, వెనక కొత్త సీళ్ళతో బండి ఇద్దరు మనుషుల్లా నడుస్తుంది.

తీసేసిన కంపెనీ షాకప్పులను పాత చీరలో చుట్టి, నిలబెట్టి, అటక మీద పెట్టుకోండి. ఏదో ఒక జూలైలో మీ జతను కూడా ఎవరో ఒక పిల్లవాడు చూడ్డానికి వస్తాడు. మెకానిక్ వద్దన్నా నేను నా ఎడమ షాకప్పు కింది భాగంలో తెల్ల టేపు అంటించి, చెరగని ఇంకుతో రాసుకున్నాను: "71 కిలోలు. వెనక సీటు 54. సీళ్ళు, నూనె 2024 జూన్. రీబౌండ్ 9వ టిక్కు. కుడిది దీని తోడే."